శుభలేఖ ఇవ్వడం వేరు, సలహా అడగడం వేరు: విదేశీ సంక్షోభంలో మిత్రదేశాలను సంప్రదించే పద్ధతి

1983 అక్టోబరు 24 రాత్రి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్‌కు అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ నుంచి కొన్ని గంటల తేడాతో రెండు సందేశాలు అందాయి. గ్రెనడాలో సైనికంగా జోక్యం చేసుకోవాలని తూర్పు కరీబియన్ దేశాలు తమను కోరాయని, ఆ విన్నపాన్ని గట్టిగా పరిశీలిస్తున్నామని, ఆమె అభిప్రాయం తెలిపితే సంతోషిస్తామని మొదటి సందేశంలో ఉంది. ఆమె జవాబు వెళ్లకముందే వచ్చిన రెండో సందేశం మాత్రం, ఆ విన్నపానికి అంగీకరించాలని నిర్ణయించామని తెలిపింది. మరునాటి తెల్లవారుజామునే అమెరికా సేనలు ఆ ద్వీపంలో దిగాయి. గ్రెనడా కామన్వెల్త్ సభ్యదేశం. దాని దేశాధినేత బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్. అయినా రాణిగారి ప్రభుత్వానికి మాట చెప్పుకొనే వ్యవధి దొరకలేదు.

పెళ్లి ముహూర్తం పెట్టుకుని, శుభలేఖ అచ్చువేయించి, ఆ శుభలేఖను చేతిలో పెడుతూ ‘ఈ సంబంధం గురించి మీరేమంటారు?’ అని పెద్దలను అడిగితే వారి మనసు ఎంత నొచ్చుకుంటుందో మనకు తెలుసు. దేశాల మధ్య కూడా జరిగేది అదే. మరొక దేశంలో ప్రభుత్వం కూలినప్పుడు, తిరుగుబాటు జరిగినప్పుడు, యుద్ధం ముంచుకువచ్చినప్పుడు మిత్రదేశాలను ఎలా సంప్రదించాలన్నది ఈ వ్యాసంలోని విషయం. విదేశాంగ సేవలోకి అడుగుపెడుతున్న యువ అధికారులను, అంతర్జాతీయ సంబంధాలు చదువుతూ తరగతి గదిలో ఇటువంటి అభ్యాసాలు చేసే విద్యార్థులను ఉద్దేశించి దీనిని రాస్తున్నాను. సూచనలన్నీ నిజంగా జరిగిన ఘటనల నుంచి తీసినవే.

నిర్ణయమైనదేది, కానిదేది

టెలిఫోను అందుకోవడానికి ముందు ఒక కాగితాన్ని నిలువునా రెండుగా మడిచి, ఒకవైపు మన ప్రభుత్వం ఇప్పటికే నిర్ణయించినవి, రెండోవైపు ఇంకా తేలనివి రాయాలి. ఈ పని చూడటానికి చిన్నదిగానే ఉంటుంది కాని, తరువాతి వ్యవహారమంతా దీని మీదే నిలుస్తుంది. రెండోవైపు ఏమైనా మిగిలి ఉంటే అక్కడ మిత్రుడి మాటకు చోటుందని, అది సంప్రదింపు అవుతుందని అర్థం. ఏమీ మిగలకపోతే మనం చేయబోయేది సమాచారం ఇవ్వడం మాత్రమే. సమాచారం ఇవ్వడంలో తప్పేమీ లేదు, కాని దానికి సంప్రదింపు అని పేరుపెట్టడం తప్పు.

1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణుల సంగతి బయటపడినప్పుడు అమెరికా అధ్యక్షుడు కెన్నడీ మాజీ విదేశాంగ మంత్రి డీన్ అచెసన్‌ను పారిస్ పంపారు. తనను సంప్రదించడానికి వచ్చారా, లేక తెలియజేయడానికి వచ్చారా అని ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ ఆయనను సూటిగా అడిగారు. తెలియజేయడానికే వచ్చానని అచెసన్ దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. మాట పట్టింపు ఎక్కువగల డి గాల్ ఆ జవాబుకు నొచ్చుకోకపోగా, అమెరికాకు గట్టి మద్దతు ప్రకటించారు. అచెసన్ ఆ క్షణంలో మాట మార్చి, మీ సలహా కోసమే వచ్చానని ఉంటే ఆ మద్దతు అంత నిండుగా దక్కేది కాదని నా నమ్మకం.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ 1956 నాటి సూయజ్ కాలువ వ్యవహారం. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి ఇజ్రాయెల్‌తో పారిస్ సమీపంలోని సెవ్ర్ పట్టణంలో రహస్యంగా ఒప్పందం చేసుకుని, తమ అతిముఖ్య మిత్రదేశమైన అమెరికాకు చెప్పకుండా ఈజిప్టు మీద దాడికి దిగాయి. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ తిరిగి ఎన్నిక కోసం పోటీపడుతున్న రోజులవి. అమెరికా అండగా నిలవకపోగా, పౌండు విలువ పడిపోతున్న వేళ ఆర్థిక సాయాన్ని నిలిపి ఉంచింది. నవంబరు 6న బ్రిటన్ కాల్పుల విరమణకు ఒప్పుకోక తప్పలేదు. ఆ ఏడాది డిసెంబరులో కెనడాకు చెందిన లెస్టర్ పియర్సన్, నార్వేకు చెందిన హాల్వార్డ్ లాంగె, ఇటలీకి చెందిన గయెటానో మార్టినో నాటో కూటమికి ఇచ్చిన నివేదికలో దీని మూలాన్నే పట్టుకున్నారు. ఎవరి వైఖరిలో వారు బిగుసుకుపోకముందే, విధానం ఇంకా రూపుదిద్దుకుంటున్న దశలోనే అందరూ కలిసి చర్చించుకోవాలని, సమాచారం ఇచ్చిపుచ్చుకున్నంత మాత్రాన సంప్రదింపు కాదని అందులో స్పష్టం చేశారు. ఈ పనికి ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు ఇప్పటికీ కనిపించలేదు.

ఎవరితో, ఏ వరుసలో

తరువాత చేయవలసింది పట్టిక. మనకు ఆప్తులైన దేశాల పేర్లు రాసుకుంటే చాలదు. సంక్షోభం నడుస్తున్న దేశంతో ఒక్కొక్కరికి ఉన్న బంధమేమిటో ప్రతి పేరు పక్కన రాయాలి. ఒప్పందం ప్రకారం ఎవరిని సంప్రదించి తీరాలి? రాజ్యాంగబద్ధమైన సంబంధం ఎవరికుంది? సరిహద్దు ఎవరిది? ఎవరి పౌరులు అక్కడ చిక్కుకున్నారు? ఎవరి స్థావరాన్ని, ఎవరి గగనతలాన్ని మనం వాడుకోవలసి వస్తుంది?

గ్రెనడా విషయంలో ఇటువంటి పట్టిక వేసి చూస్తే లోటు ఎక్కడ జరిగిందో వెంటనే కనబడుతుంది. 1983 అక్టోబరు 19న ఆ దేశ ప్రధాని మారిస్ బిషప్‌ను సొంత పార్టీలోని ప్రత్యర్థి వర్గం అండగల సైనికులు కాల్చిచంపారు. సైనిక మండలి అధికారం చేజిక్కించుకుని, కనిపిస్తే కాల్చివేసే కర్ఫ్యూ విధించింది. అక్కడి వైద్య కళాశాలలో వందలమంది అమెరికా విద్యార్థులున్నారు. చుట్టుపక్కల చిన్న ద్వీపదేశాలు భయపడి అమెరికా సాయం కోరాయి. డొమినికా, బార్బడోస్, జమైకా జోక్యానికి అనుకూలంగా ఉంటే, అదే కరీబియన్ కూటమిలోని ట్రినిడాడ్, గయానా వ్యతిరేకించాయి. అంటే ‘పొరుగుదేశాలు కోరుతున్నాయి’ అనే ఒక్క వాక్యంలో సగం నిజమే ఉంది. పట్టికలో రాణి, ఆమె ప్రతినిధిగా ద్వీపంలో ఉన్న గవర్నర్ జనరల్, లండన్ ప్రభుత్వం, కామన్వెల్త్ దేశాలు ఒక ప్రత్యేక వరుసగా కనబడతాయి. ఆ వరుసను చివరికి నెట్టినందువల్లనే ఆ నొప్పి కలిగింది.

ఒప్పందాల పాఠాన్ని ఈ దశలోనే తెరిచి, సంబంధిత అధికరణాన్ని అక్షరం వెంట అక్షరం చదవాలి. నాటో ఒప్పందంలోని 4వ అధికరణం ప్రకారం, ఏ సభ్యదేశపు ప్రాదేశిక సమగ్రతకో, రాజకీయ స్వాతంత్ర్యానికో, భద్రతకో ముప్పు ఉందని సభ్యులలో ఎవరు భావించినా అందరూ కూర్చుని సంప్రదించుకోవాలి. ఉక్రెయిన్ మీద రష్యా పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టిన 2022 ఫిబ్రవరి 24నే పోలండ్, బాల్టిక్ దేశాలతో సహా 8 దేశాలు ఈ అధికరణాన్ని ప్రయోగించాయి. 1960లో జపాన్, అమెరికా ఇచ్చిపుచ్చుకున్న లేఖలు మరింత నిర్దిష్టమైనవి. జపాన్‌లోని స్థావరాల నుంచి వేరేచోట యుద్ధచర్యలకు దిగాలంటే అమెరికా ముందుగా జపాన్ ప్రభుత్వాన్ని సంప్రదించాలి. మొదటిది మాట్లాడుకోవాలంటుంది, రెండోది ముందుగా మాట్లాడాలంటుంది. ‘ముందుగా’ అన్న ఆ ఒక్క మాట బరువు తెలియకుండా ఫోను చేయకూడదు.

వరుసతోపాటు గడియారం కూడా ముఖ్యం. 1962లో క్యూబా క్షిపణుల సంగతిని ప్రజలకు తెలిపిన కెన్నడీ ప్రసంగం అక్టోబరు 22 రాత్రి 7 గంటలకు. కెనడా ప్రధాని డీఫెన్‌బేకర్‌కు విషయం వివరించడానికి అమెరికా దూత లివింగ్‌స్టన్ మర్చంట్ ఒటావా చేరి మాట్లాడింది సుమారు 2 గంటల ముందు మాత్రమే. ఉత్తర అమెరికా గగనతల రక్షణను ఉమ్మడిగా నిర్వహిస్తున్న దేశానికి 2 గంటల వ్యవధి! డీఫెన్‌బేకర్ ఆ రాత్రే పార్లమెంటులో మాట్లాడుతూ, జెనీవా నిరాయుధీకరణ సంఘంలోని 8 అలీన దేశాలు క్యూబా వెళ్లి స్వయంగా తనిఖీ చేస్తే బాగుంటుందన్నారు. ఆ 8 దేశాలలో భారతదేశం కూడా ఉంది. మిత్రుడి మాట మీద అనుమానం కలిగినట్టుగా వాషింగ్టన్‌లో ఇది ధ్వనించింది. కెనడా సైన్యాన్ని అప్రమత్తం చేసే అధికారిక ఆదేశం అక్టోబరు 24 దాకా వెలువడలేదు. ఆయన స్వభావమూ దీనికి కొంత కారణమని చెప్పేవారున్నారు. ఉండవచ్చు. అయితే ఆలోచించుకోవడానికి ఒక పూట కూడా ఇవ్వనప్పుడు, ఆలోచించలేదని తప్పుపట్టే హక్కు మనకు ఉండదు.

సాక్ష్యం వెంట తీసుకువెళ్లాలి

మిత్రుడు మన మాట నమ్మాలని కోరుకోవడం సహజమే. కాని అతడు తన మంత్రివర్గానికి, తన పార్లమెంటుకు జవాబు చెప్పుకోవలసినవాడు. అతడి చేతిలో పెట్టడానికి మన దగ్గర ఏముందో ముందే చూసుకోవాలి. అచెసన్ పారిస్‌కు, మర్చంట్ ఒటావాకు, లండన్‌లో రాయబారి డేవిడ్ బ్రూస్ ప్రధాని మాక్మిలన్ దగ్గరకు యూ-2 గూఢచారి విమానం తీసిన ఛాయాచిత్రాలతోనే వెళ్లారు. అమెరికావంటి దేశం సాక్ష్యం లేకుండా ఇంత పని చేయదంటూ డి గాల్ మొదట వాటిని పక్కనపెట్టి, మద్దతు మాట చెప్పిన తరువాతనే చిత్రాలు చూశారు. ఆ పెద్దరికం అందరి నుంచీ ఆశించకూడదు.

మౌఖికంగా వివరించేటప్పుడు మూడు రకాల వాక్యాలను విడివిడిగా ఉంచాలి. మనం కళ్లారా చూసినది ఒకటి. దాని నుంచి మనం ఊహించినది మరొకటి. మనం చేయదలచినది ఇంకొకటి. ఈ మూడూ ఒకే వాక్యంలో కలిసిపోతే, విన్న అధికారి తన రాజధానికి పంపే టెలిగ్రాంలో మన ఊహ నిర్ధారణగా మారిపోతుంది. ‘ఫలానా నగరంలోని ఫలానా కూడలిలో నిన్న సాయంత్రం సైనిక వాహనాలు నిలిచాయి’ అన్నది మొదటి రకం. ‘సైన్యంలో చీలిక వచ్చినట్టు భావిస్తున్నాం’ అన్నది రెండో రకం. ఈ రెండో రకం వాక్యానికి ‘భావిస్తున్నాం’ అన్న క్రియ తప్పనిసరిగా ఉండాలి. మొహమాటం కొద్దీ దానిని తీసివేయకూడదు.

వినే పద్ధతి

మన మాట అయిపోయాక అసలు పని మొదలవుతుంది. ‘మీ అభిప్రాయమేమిటి’ అన్న విశాలమైన ప్రశ్నకు మర్యాదపూర్వకమైన జవాబే వస్తుంది. నిర్దిష్టంగా అడగాలి. ఈ ప్రకటనలో మీరు అంగీకరించలేని మాట ఏది? ఆ దేశంలో మీ రాయబారికి మాకు తెలియని సంగతులేమైనా తెలిశాయా? మేము ఈ అడుగు వేస్తే బహిరంగంగా మీరు ఏమంటారు? మూడో ప్రశ్న అడగడానికి చాలామంది జంకుతారు. జవాబు చేదుగా ఉంటుందేమోనని భయం. ఆ చేదు ఫోనులో వినడమే మేలు. మరునాడు ఐక్యరాజ్యసమితిలో వినవలసి వస్తే ఇంకా కష్టం.

మౌనాన్ని అంగీకారంగా లెక్కవేయకూడదు. ‘మీరు చెప్పింది గమనించాం’ అన్న మాటకు ఒప్పుకున్నామన్న అర్థం లేదు. సందేహముంటే, ‘దీనిని మీ సమ్మతిగా మా ప్రభుత్వానికి తెలియజేయవచ్చా’ అని అక్కడికక్కడే అడిగి, జవాబును యథాతథంగా రాసుకోవాలి. సంభాషణ ఏ స్థాయిలో జరిగినా, ఇద్దరు దేశాధినేతలు మాట్లాడుకుంటున్నా సరే, రాసుకునే అధికారి ఒకరు లైనులో ఉండాలి.

సలహా తీసుకున్నామని మిత్రుడికి తెలియాలంటే ఆ సలహా ఎక్కడో ఒకచోట కనబడాలి. వాషింగ్టన్‌లో బ్రిటన్ రాయబారి డేవిడ్ ఆర్మ్స్‌బీ గోర్, క్యూబా చుట్టూ ఓడలను అడ్డుకునే రేఖను 800 మైళ్ల దూరం నుంచి 500 మైళ్లకు తగ్గించమని, అలాగైతే తమ ఓడలను వెనక్కి మళ్లించాలో లేదో ఆలోచించుకోవడానికి సోవియట్ నాయకులకు మరికొన్ని గంటలు దొరుకుతాయని కెన్నడీకి సూచించినట్టు అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెన్నడీ రాశారు. దిగ్బంధం పెట్టాలా వద్దా అన్నది అప్పటికే తేలిపోయింది. ఎంత దూరంలో, ఎప్పుడు, ఏ క్రమంలో అన్నవి మాత్రం తెరిచే ఉన్నాయి. మన కాగితంలో రెండోవైపు రాసుకునేవి సరిగ్గా ఇటువంటివే. పెద్ద నిర్ణయం అయిపోయినా, దాని అమలులో మిత్రుడి తెలివికి చోటు మిగిలే ఉంటుంది.

ఏకాభిప్రాయం లేనప్పుడు

ఇద్దరి ఆలోచనలూ కలవకపోతే ఏం చేయాలో మన దేశపు అనుభవమే నేర్పుతుంది. 1971 ఆగస్టు 9న ఢిల్లీలో ఇరుదేశాల విదేశాంగ మంత్రులు స్వరణ్ సింగ్, గ్రొమికో సంతకం చేసిన భారత్-సోవియట్ ఒప్పందం సైనిక కూటమి కాదు. అలీన విధానానికి కట్టుబడిన భారతదేశం దానిని శాంతి, మైత్రీ సహకారాల ఒప్పందమనే పిలిచింది. అయితే దాని 9వ అధికరణం, ఇరు దేశాలలో దేని మీదనైనా దాడి జరిగినా, దాడి ముప్పు ఏర్పడినా వెంటనే పరస్పరం సంప్రదించుకోవాలని చెబుతుంది. ఆ ఏడాది తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు లక్షల సంఖ్యలో మన సరిహద్దు దాటి వస్తున్నారు. మాస్కో మాత్రం యుద్ధం రాకుండా రాజకీయ పరిష్కారం దొరకాలనే కోరుకుంటోంది. రెండు రాజధానుల తూకం ఒకటి కాదు.

ఢిల్లీ అప్పుడు అనుసరించిన పద్ధతిని గమనించాలి. ఒప్పందం మీద సంతకాలైన తరువాత కూడా మాస్కో తనంతట తానే వెంట వస్తుందని ఢిల్లీ అనుకోలేదు. సెప్టెంబరు చివరి వారంలో ఇందిరా గాంధీ స్వయంగా మాస్కో వెళ్లారు. అక్టోబరులో సోవియట్ ఉపవిదేశాంగ మంత్రి ఫిర్యూబిన్ ఢిల్లీ వచ్చినప్పుడు, ఆ చర్చలు 9వ అధికరణం కింద జరిగినవేనని బహిరంగంగా చెప్పారు. భారత దౌత్యవేత్త డి.పి. ధర్ వంటివారి రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. శరణార్థుల బరువును, సరిహద్దు పరిస్థితిని మళ్లీ మళ్లీ వివరిస్తూ, అవతలివారి సందేహాలు వింటూ నెలల తరబడి సాగిన ఆ ఓపికకు ఫలితం డిసెంబరులో కనిపించింది. భారత్-పాకిస్తాన్ యుద్ధం ఆపాలన్న తీర్మానాల మీద భద్రతామండలిలో సోవియట్ యూనియన్ 3 సార్లు వీటో వాడింది. అదే నెలలో మరో ఉపవిదేశాంగ మంత్రి కుజ్నెత్సొవ్ ఢిల్లీకి వచ్చి, యుద్ధం నడుస్తుండగానే మాట్లాడారు. అభిప్రాయభేదం ఉన్నచోట మాటలు తగ్గించుకోవడం మానవ స్వభావం. అక్కడే మాటలు పెంచాలి.

అంగీకారం కుదరని అంశాన్ని ఉమ్మడి ప్రకటనలో మెత్తని మాటలతో కప్పిపుచ్చడం కంటే, ఆ అంశాన్ని వదిలివేసి మిగిలినవి గట్టిగా చెప్పడం మంచిది. కప్పిన మాటకు రెండు రాజధానుల్లో విలేకరులు రెండు అర్థాలు రాస్తారు.

మిత్రుడి సొత్తు మీద బేరం

ఈ విషయాన్ని నేను విడిగా చెప్పదలచుకున్నాను. క్యూబా సంక్షోభం ముగింపులో అమెరికా తుర్కియేలోని 15 జూపిటర్ అణు క్షిపణులను తొలగిస్తుందని రాబర్ట్ కెన్నడీ 1962 అక్టోబరు 27న సోవియట్ రాయబారి డొబ్రీనిన్‌కు రహస్యంగా మాట ఇచ్చారు. ఆ క్షిపణులకు తమ నేలమీద చోటిచ్చిన తుర్కియే ప్రభుత్వానికి ఈ మాట చెప్పలేదు. 1963 ఏప్రిల్ కల్లా వాటిని తీసివేశారు. ఆ బేరం అణుయుద్ధాన్ని తప్పించడానికి తోడ్పడిందంటే నేను కాదనను. కాని ఒక దేశం రక్షణకోసం నిలిపినదానిని ఆ దేశానికి తెలియకుండా తక్కెడలో వేయడం ఆనవాయితీగా మారకూడదు. సంక్షోభంలో ప్రత్యర్థితో బేరమాడే అధికారి దగ్గర, ఈ బేరంలోని ప్రతి వస్తువు ఎవరిదన్న జాబితా ఉండాలి. మనది కానిది అందులో ఉంటే, కనీసం ఆ దేశపు అధినేత ఒక్కరికైనా ఒప్పందానికి ముందే చెప్పాలి.

రహస్యం బయటికి పొక్కుతుందన్న భయానికి కూడా ఇదే మందు. వినేవారి సంఖ్య తగ్గించాలి కాని, మిత్రదేశాన్నే వదిలివేయకూడదు. ఒక దేశానికి చెప్పడమంటే ఆ దేశపు మంత్రిత్వశాఖ మొత్తానికి చెప్పడం కాదు. ఇద్దరికి చెప్పి, ఎవరికి చెప్పామో వారికీ తెలియజేస్తే సరిపోతుంది.

పార్లమెంటు, పౌరులు

మిత్రుడు బహిరంగంగా ఎప్పుడు, ఎక్కడ మాట్లాడబోతున్నాడో అడిగి తెలుసుకోవడం చిన్న మర్యాదే అయినా, దానిని మరిచిపోతే జరిగే నష్టం పెద్దది. 1983 అక్టోబరు 24 మధ్యాహ్నం బ్రిటన్ విదేశాంగ మంత్రి జెఫ్రీ హౌ, అమెరికా సైనిక జోక్యం జరగవచ్చని అనుకోవడానికి కారణమేదీ కనిపించడం లేదని పార్లమెంటులో చెప్పారు. అప్పటివరకు లండన్‌కు అందిన సంకేతాలను బట్టి ఆయన నిజమే చెప్పారు. ఒక్క రోజు కూడా గడవకుండానే ఆ మాట అబద్ధంగా కనిపించింది. సంప్రదింపు పట్టికలో ‘ఈరోజు వారి చట్టసభ సమావేశముందా’ అన్న గడి ఒకటి తప్పక ఉండాలి.

పౌరుల తరలింపు గురించి మాట్లాడేందుకు రాజకీయ నిర్ణయం కోసం ఎదురుచూడనక్కరలేదు. అది మొదటి గంటలోనే, వేరే లైనులో, వేరే అధికారులతో మొదలుకావాలి. 2022లో ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతున్న తెలుగు విద్యార్థుల తల్లిదండ్రులు మన ఊళ్లలో ఎన్ని రాత్రులు నిద్రలేకుండా గడిపారో చూసినవారికి దీని విలువ వేరే చెప్పాలా? గగనతలం మూసుకుపోవడంతో వారిని పోలండ్, రొమేనియా, హంగరీ, స్లొవేకియా సరిహద్దుల మీదుగా తీసుకురావలసి వచ్చింది. ఆ పొరుగుదేశాలతో నేరుగా మాట్లాడుతూ పనులు నడిపించడానికి భారత ప్రభుత్వం నలుగురు కేంద్రమంత్రులను అక్కడికి పంపింది. ఆ దేశాలు మనకు ఒప్పందం ప్రకారం మిత్రకూటమి కావు. అయినా వీసా నిబంధన సడలింపు, సరిహద్దు దగ్గర బస, విమానాశ్రయంలో దిగే అనుమతి వంటివన్నీ వాటితో మాట్లాడే సాధించుకోవాలి. ఇటువంటి మాటల్లో స్పష్టమైన సంఖ్య, స్థలం, సమయం కావాలి. ‘మా విద్యార్థులను ఆదుకోండి’ అనడం విన్నపమవుతుంది. ‘ఈ సరిహద్దు ద్వారం దగ్గరకు ఈ రాత్రికి ఇంతమంది చేరుకుంటారు, వారికి ఇన్ని బస్సులు కావాలి’ అన్నప్పుడే అవతలి అధికారి చేయగల పని అవుతుంది.

పొరపాటు జరిగిన తరువాత

పొరపాటు జరిగితే మిత్రుడికి ఫోను చేయవలసింది మనమే. గ్రెనడాలో సేనలు దిగిన మరునాడు, బ్రిటన్ పార్లమెంటులోని కామన్స్ సభ ఆ విషయం మీదే అత్యవసరంగా చర్చిస్తున్న వేళ, రీగన్ స్వయంగా థాచర్‌కు ఫోను చేసి, ఇబ్బంది కలిగించినందుకు విచారం తెలిపారు. తమవైపు నుంచి రహస్యం పొక్కుతుందన్న భయంతోనే చెప్పలేకపోయామని వివరించారు. ఆమె మాటల్లో వెచ్చదనం లేకపోయినా, ఆ ఫోను పని చేసింది. ఇద్దరి మైత్రి తెగిపోలేదు. నవంబరు 2న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆ జోక్యాన్ని గర్హిస్తూ 108-9 ఓట్లతో తీర్మానించింది. అదే నెలాఖరులో ఢిల్లీలో ఇందిరా గాంధీ ఆతిథ్యంలో జరిగిన కామన్వెల్త్ అధినేతల సమావేశంలో, ఆ ద్వీపానికి ఇకపై ఎలా తోడ్పడాలన్న చర్చకు చోటు దొరికింది.

కార్యాలయంలో చేయవలసిన చివరి పని ఒకటుంది. వారం తిరగకముందే సంబంధిత అధికారులు కూర్చుని, ప్రతి మిత్రదేశం విషయంలో నాలుగు సమయాలు రాసిపెట్టాలి. సమాచారం మనకు ఎప్పుడు అందింది, మనం ఎప్పుడు నిర్ణయించాం, వారికి ఎప్పుడు చెప్పాం, ప్రజలకు ఎప్పుడు ప్రకటించాం. రెండో సమయానికీ మూడో సమయానికీ మధ్య ఎంత దూరముందో, ఏది ముందు వచ్చిందో ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, ఆ కాగితాన్ని తరువాతి సంక్షోభానికి తెరిచే ఫైలులో మొదటి పుటగా ఉంచాలి.